సుబేదారిలో నేను పారేసిన రెండు ఆసులు

వరంగల్ వెళ్లొచ్చానంటే మా భీమవరంలో ఎవరూ నమ్మడం లేదు. వేయిస్తంభాల గుడి ఎలా ఉందని అడుగుతారు. చూడలేదంటాను. కోట? దాని మీదుగా వచ్చిన గాలి ఒకసారి మొహానికి తగిలింది. మరి ఏం చూశావయ్యా మహానుభావా అంటే, చింతగింజలు చూశానని చెబుతాను. దాంతో మా వాళ్లు నా నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం ఉందేమోనని చూస్తున్నారు. ఇంటింటికీ తిరిగి సంజాయిషీ చెప్పుకునే ఓపిక లేక, జరిగింది జరిగినట్టు, ఒక్క పిసరు కూడా పెంచకుండా ఇక్కడ రాస్తున్నాను. నేను పెంచి చెబుతానని కిట్టనివాళ్లు అంటారు. మా ఊళ్లో కిట్టనివాళ్లు పది లక్షల మంది ఉన్నారు.

బయలుదేరే ముందు

మా చెల్లెలు సుభద్రను వరంగల్ అబ్బాయికి ఇచ్చాం. హన్మకొండలో సుబేదారి అనే చోట ఓ అపార్టుమెంటులో మూడో అంతస్తులో కాపురం. లిఫ్టు లేదు. జాకెట్లు కుడుతుంది. దాని చేతిలో పడితే గోనెసంచి కూడా పెళ్లికూతురి జాకెట్టులా తయారవుతుంది. కానీ జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్లకి మోకాళ్లుంటాయి, మూడంతస్తులు ఎక్కేసరికి అవి మొరాయిస్తాయి. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు రెండో అంతస్తులో ఆగి, ఆయాసపడి, అట్నుంచి అటే కిందికి దిగి చౌరస్తాలో ఇంకెవరికో ఇచ్చేస్తున్నారట.

ఈ మధ్య ఆ అపార్టుమెంటు కాపలాదారు ఊరెళ్లిపోయాడు. గేటు పక్కన అతనుండే గది ఖాళీ అయింది. రోడ్డుకి ఆనుకుని, కిటికీతో, ఒక కుట్టుమిషను, ఒక అద్దం, ఒక కుర్చీ పట్టేంత గది. మా చెల్లెలు దాని మీద ఆశ పెట్టుకుంది. అపార్టుమెంటులో మిగిలిన అయిదిళ్లూ కూడా పెట్టుకున్నాయి. ఓటింగు పెడితే ఎవరి ఓటు వాళ్లకే పడింది. చీటీలు వేద్దామంటే, చీటీలు ఎవరు మడుస్తారన్న దగ్గర తగువొచ్చింది. రమ్మీ ఆడి తేల్చుకుందామంటే, ఫలానావాడు ముక్కలు దాస్తాడని ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. చివరికి సంఘం సెక్రటరీ స్వరూప మేడం, ఆవిడ కాలేజీలో లెక్కల లెక్చరరు, పోకర్ టోర్నమెంటు పెడదామన్నారు. కారణం విని నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది. పోకర్ ఎవరికీ రాదు కాబట్టి అందరికీ సమన్యాయం జరుగుతుందట. డబ్బు మాటే లేదు. చింతగింజలతో ఆట. ఇంటికొకరు ఆడాలి, చుట్టాలైనా సరే. చివరిదాకా ఎవరి దగ్గర గింజలు మిగిలితే ఆ ఇంటిదే గది.

సుభద్ర ఫోను చేసింది.

"అన్నయ్యా, నీకు పేకాట బాగా వచ్చు కదా?"

భీమవరంవాణ్ణి పట్టుకుని అడగాల్సిన ప్రశ్నేనా అది! పదమూడు ముక్కలాటలో నా చెయ్యి గురించి మా క్లబ్బు గోడల్ని అడిగినా చెబుతాయన్నాను.

"ఇది పోకర్ అన్నయ్యా."

"ఏదైతేనేం, ముక్కలు అవేగా?"

"అవే."

"అయితే ఆ గది తాళంచెవి నీ కొంగున కట్టుకో" అని ఫోను పెట్టేశాను. ఆ తర్వాతే నాకు చెమటలు పట్టాయి.

డోర్నకల్

డోర్నకల్ జంక్షన్‌లో రైలు ఆగింది. ఆగిందంటే మామూలుగా కాదు, అక్కడే ఇల్లు కట్టుకుని స్థిరపడినట్టు ఆగింది. నేను సీటు మీద తువ్వాలు పరిచి, దాని మీద పేకముక్కలు పరిచి, సుభద్ర ఫోనులో పంపిన పోకర్ నియమాలు చదువుకుంటున్నాను. ఏనుగు దంతమంత తెల్లని మీసాలతో ఒక పెద్దమనిషి ఎక్కాడు. చేతిలో మిరపకాయ బజ్జీల పొట్లం.

"జర జరుగు సారూ" అని కూర్చున్నాడు. కాసేపు నా ముక్కల వంక చూశాడు. "ఏంది, గంత పరేషాన్ల ఉన్నవ్?"

మా వైపు కొత్త మనిషిని నువ్వు అంటే అది యుద్ధ ప్రకటన. నేను కూడా ఒక క్షణం పంచె బిగించాను. ఈలోపు ఆయన బజ్జీల పొట్లం నా ఒళ్లో పెట్టేశాడు. అడగలేదు, పెట్టేశాడు. మా వైపు "తీసుకోండి, అయ్యో తీసుకోండి, మీరు తీసుకోకపోతే నా మీద ఒట్టే" అని ఇంత తతంగం నడిపి, బజ్జీ చల్లారాక పెడతాం. ఈయన నువ్వులో ఉన్న వేడి, బజ్జీలో ఉన్న వేడి ఒకటేనని తిన్నాక అర్థమైంది. కళ్లల్లోంచి నీళ్లు, చెవుల్లోంచి ఆవిరి వచ్చాయి.

పేరు రాజమల్లు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. రిటైరయ్యాక పొద్దుపోక ఫోనులో ఉత్తుత్తి పోకర్ ఆడి ఆడి ఆరితేరాడు. నన్ను ఎక్కడికని అడిగాడు. అపార్టుమెంటులో చింతగింజలాట అని చెప్పడానికి నాకు నామోషీ వేసింది.

"అఖిల భారత స్థాయి పోటీ అండి. వరంగల్లో. నన్ను ప్రత్యేకంగా పిలిపించారు" అన్నాను.

"అబ్బో!" అని ఆయన తువ్వాలు తన వైపు లాక్కున్నాడు. "అయితే గిది నేర్సుకో. మనిషికి రెండే ముక్కలిస్తరు. అవి నువ్వొక్కనివే చూసుకోవాలె. నడుమ అయిదు ముక్కలు తెరుస్తరు, అవి అందరియి. నీ రెండు, నడుమ అయిదు కలిపి, ఏడింట్ల మంచి అయిదు ఏరుకోవాలె. సమజైందా?"

"అయింది." అవలేదు.

"ఇగ అసలు ముచ్చట. అన్ని చేతులు ఆడొద్దు. చెత్త ముక్కలొస్తే కింద పడెయ్, ఊకో. రెండాసులొచ్చినయనుకో, ఇగ నిన్ను ఆపేటోడు పుట్టలే. దాని తర్వాత రెండు రాజులు. దాని తర్వాత రెండు రాణులు. గవి వస్తే గింజుకోకు, గట్టిగ పెట్టు."

నేను నవ్వాను. ముప్ఫై ఏళ్ల రమ్మీ నవ్వు అది. రమ్మీ తెలియనివాళ్లకి చెబుతాను: ఆ ఆటలో ముక్కలు వరసగా పేర్చాలి, నాలుగు అయిదు ఆరు ఇలా. పేర్చకుండా చేతిలో మిగిలిన ముక్కలకి కౌంటు అని శిక్ష ఉంటుంది. ఆసుకి పది, రాజుకి పది, రాణికి పది. ఎదుటివాడు అన్నీ పేర్చేసి షో కొట్టేలోపు ముందు పెద్ద ముక్కల్ని వదిలించుకోవడం మా ఊళ్లో పసిపిల్లలకి పాలతో పాటు పడుతుంది. రెండు ఆసులు చేతిలో ఉండడమంటే రెండు తిరగళ్లు నెత్తిన పెట్టుకుని ఈత కొట్టడం. అలాంటివి ఉంచుకోమంటాడేమిటీ మనిషి?

"మరి కళావరు ఆరు, ఏడు వస్తేనో?" అన్నాను, నోరూరుతూ.

"దాన్ల ఏమున్నది? పడెయ్."

ఆరూ ఏడూ పడెయ్యమన్నవాడితో ఇక మాటలేమిటని నేను కిటికీలోంచి పొలాలు చూడసాగాను. ఆయన వరంగల్ స్టేషన్లో దిగి, "ఫికర్ జెయ్యకు సారూ, గెలుస్తవ్" అని చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. నేనూ చెయ్యి ఊపాను. దిగలేదు.

స్టేషన్ ఘన్‌పూర్

ఎందుకు దిగలేదంటే, మా చెల్లెలి ఇల్లు హన్మకొండలో కదా. హన్మకొండ స్టేషను కోసం చూస్తున్నాను. కాజీపేట వచ్చింది, పోయింది. ఇక వచ్చేది హన్మకొండేనని సంచీ భుజానికి తగిలించుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. ఆ ఊరికి అసలు స్టేషనే లేదన్న సంగతి నాకెవరు చెబుతారు? బోర్డులు వస్తున్నాయి, పోతున్నాయి. చివరికి ఒక బోర్డు మీద 'స్టేషన్ ఘన్‌పూర్' అని ఉంది. పేరులోనే స్టేషన్ ఉన్న ఊరు మోసం చెయ్యదని అక్కడ దిగిపోయాను.

ప్లాట్‌ఫారం బయట ఒక రైతు, ఆయన భార్య మక్కకంకుల బస్తాల మీద కూర్చుని ఉన్నారు. దారి అడిగాను.

"హన్మకొండకా? ఎనుకకు పోవాలె గదనే" అన్నాడాయన.

"ఇంత పెద్ద మనిషి, తొవ్వ తెల్వకుంట ఎట్లెల్లిండో" అని ఆమె నా ముందే ఆయనతో అంది, నేను అక్కడ లేనట్టు. తర్వాత నా మొహం చూసి జాలిపడి గిన్నె మూత తీసి, మక్కగారెలు రెండు చేతిలో పెట్టింది. మా వైపు గారె అంటే మినపగారె, మధ్యలో చిల్లు, కింద చట్నీ. ఇక్కడ పచ్చి మక్కలు రుబ్బి, చిల్లు లేకుండా, అరచేతి అచ్చులు అలాగే ఉంచి కాలుస్తారు. చిల్లు లేని గారె గారె ఎలా అవుతుందని నాకు సందేహం వచ్చింది. నమిలాక సందేహం గారెతో పాటు లోపలికి పోయింది.

వాళ్లు వెళ్లే ట్రాలీ ఆటోలోనే నన్నూ ఎక్కించారు. చోటు లేదు కాబట్టి బస్తాల మీద. డ్రైవరు కిరాయి తీసుకోనన్నాడు. "మక్కల కిరాయిలనే నువ్వు గూడ లెక్కైనవ్ సారూ" అన్నాడు. అఖిల భారత స్థాయి ఆటగాడు మొక్కజొన్నతో సమానంగా హన్మకొండలో ప్రవేశించాడు.

సుబేదారి, మూడో అంతస్తు

"ఏంది బావా, హన్మకొండకు టేసనెక్కడిది?" అని మా సంపత్ బావగారు గేటు దగ్గరే నవ్వడం మొదలుపెట్టారు. మూడంతస్తులు ఎక్కేదాకా ఆపలేదు. నేను రెండో అంతస్తులో ఆగి ఆయాసపడ్డాను. అక్కడ గోడకి ఒక మరక ఉంది, అరచేతులంత. కొలతలివ్వడానికొచ్చిన ఆడవాళ్లందరూ అక్కడే చెయ్యి ఆనించి, పైకి చూసి, తిరిగి వెళ్లిపోతారట. ఆ మరక చూశాక నేను ఆయాసం తీరకుండానే పైకెక్కాను.

మా చెల్లెలికి రెండు భాషలు. నాతో మా ఊరి మాట, మొగుడితో ఇక్కడి మాట. ఒకే వాక్యంలో మొహం ఇటు తిప్పితే "తినన్నయ్యా", అటు తిప్పితే "నువ్వు గమ్మునుండు జర". నాకు సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి గిన్నెకి అద్ది కాలుస్తారు. మధ్యలో వేలితో చిల్లులు పెడతారు. చిల్లులన్నీ ఇక్కడ సర్వపిండికి వెళ్లిపోయాయి కాబట్టి గారెలకి మిగల్లేదని నాకప్పుడు తెలిసింది.

"అన్నయ్యా, నిజంగా వచ్చు కదా?" అంది మళ్లీ.

కిటికీ పక్కన కుట్టుమిషను, దాని మీద కుట్టాల్సిన గుడ్డలు రెండే రెండు. ఆ మాట ఎంత చిన్నగా అడిగిందంటే, నాకు నిజం చెప్పాలనిపించింది. కానీ అలవాటు లేని పని కదా, నోరు తిరగలేదు.

"నన్ను చూస్తే ముక్కలే వచ్చి వరసలో నిలబడతాయే" అన్నాను.

గేటు పక్క గది

మర్నాడు పొద్దున ఆట. ఏ గది కోసం ఆడుతున్నామో ఆ గదిలోనే ఆట. చాప మీద ఆరుగురం మోకాళ్లు మోకాళ్లు రాసుకుంటూ కూర్చున్నాం. మిగతా జనమంతా కిటికీ దగ్గర. ఏది దేనికన్నా పెద్దదో చెప్పే పట్టిక స్వరూప మేడం గోడకి అంటించారు. చాయ్ గ్లాసుతో కొలిచి తలా ఒక గ్లాసు చింతగింజలు పోశారు.

"ముక్కలు పంచేది నేనే. ఎవ్వరూ పక్కోళ్ల ముక్కలు చూడొద్దు. గింజలు నోట్లో వేసుకోవద్దు" అన్నారు మేడం. ఆఖరి మాట దంతాల డాక్టరుకి. ఆయన అప్పటికే ఒకటి కొరుకుతున్నాడు.

అప్పుడు, రెండో అంతస్తు తరఫు ఆటగాడు కొంచెం ఆలస్యంగా తల వంచి లోపలికొచ్చాడు. ఏనుగు దంతం మీసాలు! నా గుండె గింజల గ్లాసులో పడింది.

"అరె సారూ! నువ్వా!" అని రాజమల్లు నా భుజం మీద చరిచాడు. "అఖిల భారతమంటివి?"

"ఆ పోటీ వాయిదా పడిందండి" అన్నాను.

రెండో అంతస్తు ఆయన కూతురిది. ఆ ఇంటివాళ్లకి ఈ గది ట్రెడ్‌మిల్లు పెట్టుకోవడానికి కావాలి. అంటే ఈయన నా శత్రువు! నా బుర్ర బుల్లెట్ రైలులా పరిగెత్తింది. శత్రువు నాకు రైల్లో పాఠం చెప్పాడు. శత్రువు మంచి పాఠం చెబుతాడా? రెండు ఆసులు ఉంచుకోమన్నాడు, ఆరూ ఏడూ పారెయ్యమన్నాడు. అమ్మ దొంగా! అంతా తలకిందులుగా చెప్పాడన్నమాట! ముందే నేనెవరో పసిగట్టాడన్నమాట! నేనాయనకి నా అసలు సంగతేమీ చెప్పలేదని, పసిగట్టడానికి ఆయన దగ్గర దారేమీ లేదని అప్పుడు నాకు తట్టలేదు.

మేడం ముక్కలు పంచారు. నా రెండూ మెల్లగా ఎత్తి చూశాను. ఇస్పేటు ఆసు. ఆఠీను ఆసు.

ఇరవై కౌంటు! మొదటి చేతికే! నేను రాజమల్లు వంక 'నీ ఎత్తు పారదు' అన్నట్టు చూసి, ఆ రెండు ముక్కల్నీ పడేశాను. ఎలా పడేశాను? మా క్లబ్బులో పడేసినట్టు, మొహాలు పైకి పెట్టి, చాప మధ్యలో, టపీమని. రమ్మీలో పారేసిన ముక్క అందరికీ కనబడాలి. పోకర్లో బోర్లా వెయ్యాలట. ఎవరు చెప్పారు నాకు?

కిటికీ దగ్గర ఎవరో "యెహె" అన్నారు. దంతాల డాక్టరు నోరు తెరిచాడు, తనదే తను పరీక్ష చేసుకుంటున్నట్టు. స్వరూప మేడం గోడ మీది పట్టిక వంక, నా వంక, మళ్లీ పట్టిక వంక చూశారు.

"రెండాసులు పారేసిండు" అని ఒకాయన గుసగుసగా అన్నాడు. "గోదావరోళ్లు మామూలోళ్లు గాదు. ఏం ప్లానున్నదో!"

నా దగ్గర ప్లానున్నట్టు వాళ్లు చెప్పేదాకా నాకూ తెలియదు. తర్వాతి చేతికి కళావరు ఆరు, ఏడు వచ్చాయి. ఆనందం పట్టలేక చారెడు గింజలు ముందుకు తోశాను. ఆసులే పారేసిన మనిషి ఇన్ని గింజలు తోశాడంటే చేతిలో ఏం పెట్టుకుని ఉంటాడని హడలిపోయి, ఒక్కొక్కరూ ముక్కలు కింద పెట్టేశారు. గింజలన్నీ నావే! ఎందుకో నాకర్థం కాలేదు. ఇంకోసారి రెండు రాణులొస్తే వాటినీ మొహాలు పైకి పెట్టి సాగనంపాను. ఇక నేను గింజ ముట్టుకుంటే చాలు, అందరూ చేతులెత్తేయడమే. నేను రమ్మీ ఆడుతున్నాను, వాళ్లు నాతో పోకర్ ఆడుతున్నారు, ఎవరు ఏం ఆడుతున్నారో ఎవరికీ తెలియడం లేదు, గింజలు మాత్రం నా ముందు గోపురంలా పెరుగుతున్నాయి.

ఒక్క రాజమల్లు మాత్రం హడలలేదు. మీసాల్లో నవ్వుకుంటూ, మంచి ముక్కలొచ్చినప్పుడే పెడుతూ, మిగిలినవాళ్లని ఒక్కొక్కరినీ ఇంటికి పంపించాడు. భోజనాల వేళకి గదిలో ఆయనా నేనూ మిగిలాం.

పచ్చిపులుసు

"అన్నయ్యా, ఆ ఆసులు ఎందుకు పారేశావు?" అంది సుభద్ర, పచ్చిపులుసు వడ్డిస్తూ. కళ్లు మెరుస్తున్నాయి. అదీ ప్లానేననుకుంటోంది.

మా వైపు పులుసంటే మరిగి, చిక్కబడి, బెల్లం వేసుకుని రావాలి. ఇక్కడ చింతపండు పిసికి, పచ్చి ఉల్లిపాయ వేసి, పొయ్యి మొహం చూపించకుండా పోసేస్తారు. దాని పులుపుకి నా నోట్లోంచి అనుకోకుండా నిజం బయటికొచ్చింది.

"పెద్ద ముక్కలు కదే. ఇరవై కౌంటు."

గరిటె గాల్లో ఆగింది. సుభద్ర మెల్లగా కూర్చుంది.

"నీకు పోకర్ రాదా?"

"ముక్కలు అవేనన్నావుగా?" అని, రైల్లో రాజమల్లు చెప్పిన పాఠం సంగతి కూడా చెప్పేశాను.

అది ఏడుస్తుందనుకున్నాను. అరుస్తుందనుకున్నాను. రెండూ కాదు. కుట్టుమిషను మీదున్న దుమ్ము కొంగుతో తుడిచింది. దుమ్మేమీ లేదు అక్కడ. అది చూడలేక నేను పళ్లెంలోకి చూశాను.

"మొన్న ఒకామె వచ్చింది అన్నయ్యా. బిడ్డ పెళ్లి జాకెట్లు. మూడు మెట్లెక్కి కిందినుంచే కేకేసింది, అమ్మా, నువ్వే కిందికి రారాదూ అని. నేను టేపు పట్టుకుని దిగేసరికి ఆటో ఎక్కేసింది." నా వైపు తిరిగింది. "రెండాసులే అన్నిటికన్నా మంచివి. రైల్లో ఆయన చెప్పినవి అక్షరాలా నిజం."

"ఆయన శత్రువు కదే! శత్రువుకి నిజాలెందుకు చెబుతాడు?"

"ఆడేటోళ్లు కరెక్టుగ ఆడాలనుకుంటడు బావా ఆ ముసలాయన" అన్నారు సంపత్ బావగారు, పెరుగు కలుపుకుంటూ. "వెనుకటి రోజుల్ల రైలు గార్డు. పచ్చజెండా ఊపాల్సిన కాడ ఎర్రజెండా ఊపుతడా?"

శత్రువు చెప్పింది నిజం, నేను నమ్మింది తప్పు, తప్పు ఆడినందుకే ఇన్ని గింజలొచ్చాయి. ఇప్పుడు ఒప్పు ఆడితే ఏమవుతుంది? ఈ ప్రశ్నకి పచ్చిపులుసులో సమాధానం దొరకలేదు. రెండోసారి పోయించుకున్నాను.

ఆఖరి ముక్కలు

మధ్యాహ్నం ఆటకి జనం రెట్టింపయ్యారు. పక్క అపార్టుమెంటువాళ్లు కూడా గోడెక్కి చూస్తున్నారు. వరంగల్ జిల్లా మొత్తం కిటికీలో ఇరుక్కుంది. రాజమల్లు కుప్ప, నా కుప్ప ఇంచుమించు సమానం. నాదే పిసరంత ఎత్తు.

మేడం ముక్కలు పంచారు. ఎత్తి చూశాను. కళావరు ఆసు. డైమను ఆసు.

పొద్దున పారేసిన ఆసుల చెల్లెళ్లు! చెయ్యి దానంతటదే పారెయ్యడానికి పైకి లేచింది. ముప్ఫై ఏళ్ల అలవాటు కదా. కిటికీ వైపు చూశాను. సుభద్ర ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. చేతిని చేత్తో పట్టుకుని కిందికి దించాను. కొన్ని గింజలు ముందుకు తోశాను.

రాజమల్లు తన ముక్కలు చూసుకున్నాడు. నా వంక చూశాడు. మీసం సవరించుకున్నాడు.

"చూడు బిడ్డా," అన్నాడు కిటికీలో ఉన్న కూతురితో, "ఈ సారు పెద్ద ముక్కలు ఉంచుకోడు. పొద్దటిసంది చూత్తనే ఉన్న. ఆసులొస్తే పడేసిండు, రాణులొస్తే పడేసిండు. ఈయన చేతిల ఏ ఆరో ఏడో ఉంటయ్." అని కుప్ప మొత్తం రెండు చేతులతో మధ్యలోకి నెట్టేశాడు.

నేను కళ్లు మూసుకుని నాది కూడా నెట్టేశాను. ఇక పెట్టడానికి గింజల్లేవు కాబట్టి ఇద్దరూ ముక్కలు తెరిచెయ్యాలన్నారు మేడం. రాజమల్లు చేతిలో రెండు రాజులు. నా చేతిలో రెండు ఆసులు.

"ఆసులా!" రాజమల్లు మోకాళ్ల మీద లేచాడు. "పొద్దున పారేత్తివి గదనే! ఇప్పుడెందుకు ఉంచుకున్నవ్?"

"మధ్యాహ్నం మా చెల్లెలు చెప్పిందండి."

గది గొల్లుమంది. మేడం మధ్య ముక్కలు తెరవసాగారు. మొదట మూడు: ఒక రాజు, ఒక నాలుగు, ఒక రెండు. రాజు! రాజమల్లుకి మూడు రాజులయ్యాయి. ఆయన కూతురు కిటికీ బయట గంతేసింది. తర్వాత అయిదు వచ్చింది. ఆఖర్న మూడు వచ్చింది. నాకు మూడో ఆసు రాలేదు. "ఖతం" అన్నారెవరో. ట్రెడ్‌మిల్లు తెచ్చేందుకు మనుషుల్ని పురమాయించడం కూడా వినిపించింది. ఊచల దగ్గర సుభద్ర లేదు.

నేను అలా ముక్కల వంక చూస్తూ ఉండిపోయాను. నా వేళ్లు ఊరుకోలేదు. వాటికి తెలిసిన పని అవి చేసుకుపోయాయి. నా ఆసొకటి తీసి, దాని పక్కన రెండు, దాని పక్కన మూడు, నాలుగు, అయిదు. వరసగా పేర్చాయి. ఎంత ముద్దొచ్చే వరస! జోకర్ లేకుండా! మా క్లబ్బులో అయితే షో కొట్టి కాఫీ చెప్పేవాణ్ణి. కానీ ఇంకో ఆసు మిగిలిపోయింది. దేనికీ అతకదు. రాజు కూడా మిగిలింది. ముక్కలు మిగిలి ఉండగా షో కొడితే తప్పు షో. తప్పు షోకి పూర్తి కౌంటు శిక్ష. అసలే ఓడిపోయాను, పైగా శిక్ష కూడా ఎందుకని నోరు మూసుకున్నాను.

"ఏం పేరుత్తాన్నవ్ సారూ?" అన్నాడు రాజమల్లు, లేవబోతూ.

"ఏం లేదండి. ఊరికే. రెండు మిగిలిపోయాయి."

ఆయన వంగి చూశాడు. మీసాల కింద నవ్వు ఆగిపోయి, మళ్లీ మొదలైంది.

"మేడం, గోడ మీద సూడు జర. వరస అయిదు పెద్దదా, మూడు రాజులు పెద్దవా?"

మేడం పట్టిక దగ్గరికి వెళ్లారు. వేలు పెట్టి పైనుంచి కిందికి చదివారు. "వరస పెద్దది" అన్నారు.

"మరి సారు చేతిల ఆసు, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఏడింట్ల అయిదే గద కావాల్సింది. మిగిలిన రెండింటితోని పనేంది? గెలిచింది ఈయన గదా!"

"బాపూ!" అని కూతురు కిటికీ బయట అరిచింది.

"బాపూ గీపూ ఏం లేదు. ముక్కలు తెరిచినంక ముక్కలే చెప్తయ్" అన్నాడాయన.

నేను ఇంకా నమ్మలేదు. తప్పు షో కాదు కదా అని రెండుసార్లు అడిగాను. అప్పటికే సుభద్ర ఎట్నుంచి వచ్చిందో లోపలికొచ్చింది. నా దగ్గరికి రాలేదు. గది గోడకి ఎదురుగా నిలబడి, కొంగులోంచి టేపు తీసి, అద్దం ఎక్కడ పెట్టాలో కొలవడం మొదలుపెట్టింది. గింజల మీంచి నడిచి వెళ్లింది, చూసుకోలేదు.

మళ్లీ డోర్నకల్

తిరుగు ప్రయాణంలో రాజమల్లు, నేనూ ఒకే రైలు. ఈసారి సర్వపిండి నా సంచీలోంచి తీసి, అడక్కుండా ఆయన ఒళ్లో పెట్టేశాను. ఆ మాత్రం నేర్చుకున్నాను.

"మీరు ఊరుకుని ఉంటే గది మీదే కదండీ" అన్నాను.

"ట్రెడ్‌మిల్లు ఎవడెక్కుతడు సారూ? మా అల్లుడా? దాని మీద బట్టలారేసుకుంటరు." నమిలాడు. "నిజం చెప్పు. పొద్దున ఆసులు పడేసింది నాటకమే గదా? నేను ఆఖరికి పడాలని?"

నా జన్మలో ఇంత గొప్ప అవకాశం మళ్లీ రాదు. అవునంటే చాలు, డోర్నకల్ నుంచి విజయవాడ దాకా నా పేరు మోగిపోతుంది. నోరు తెరిచాను. ఎదురుగా ఆ మీసాలు, ఆ కళ్లు.

"కాదండి. నాకు పోకర్ రాదు. రమ్మీ అనుకుని పడేశాను."

ఆయన బోగీ అదిరేలా నవ్వాడు. డోర్నకల్లో దిగుతూ ప్లాట్‌ఫారం మీద ఎవరికో నన్ను చూపించి, "గా సారును జూడు. పోకర్ రాదంటడు! ఎంత ముద్దుగ అబద్ధమాడుతడో!" అంటున్నాడు. రైలు కదిలిపోయింది.

నిన్న సుభద్ర ఫోను చేసింది. గేటు పక్క గదిలో మొదటి జాకెట్టు రాజమల్లుగారి కూతురిదేనట. చేతులు బిగుతయ్యాయని అప్పుడే రెండుసార్లు వెనక్కి పంపిందట. గిరాకీ బాగుంది.

మొన్న మా క్లబ్బులో పదమూడు ముక్కలు పంచారు. ఎత్తి చూస్తే రెండు ఆసులు. పారెయ్యడానికి చెయ్యి రాలేదు. గుండెకి ఆనించి పట్టుకున్నాను. పక్కవాడు షో కొట్టాడు. పూర్తి కౌంటు పడింది.